నేను దిద్దిన పాట

పోయిన నెలలో ఒక ఆదివారం మా అన్న మనవరాలు రికార్డు ప్లేయరొకటి కొనుక్కొచ్చి ముందుగదిలో టీవీ పక్కన పెట్టింది. లోకంలోని పాటలన్నీ ఫోనులోనే ఉండగా ఇదెందుకమ్మా అంటే, ఇప్పుడు మళ్ళీ ఇదే ఫ్యాషనట, ఆఫీసులో అందరూ కొంటున్నారట. నల్లటి పళ్ళెం లాంటి ఆ రికార్డును అది దోసెను పట్టుకున్నట్టు పట్టుకోవడం చూసి, వేళ్ళు గీతల మీద పెట్టకు, అంచులు పట్టుకో అని నాకు తెలియకుండానే గద్దించాను. వాళ్ళ నాన్న నన్ను అత్త అంటాడు కనుక ఆ పిల్లా నన్ను అత్త అనే పిలుస్తుంది.

"అత్తా, నీకు ఇదంతా తెలుసునా? అయితే చెప్పు, ఏ రికార్డులు వాంగితే మంచిది?"

వినడమంటే ఇష్టం తప్ప సంగీతం ఓనమాలు కూడా నేర్వని దాన్నయినా, కొనదగ్గవని నాకు తోచిన నాలుగైదు చెప్పాను. అది ఫోనులో రాసుకుంది. రాసుకుని తల ఎత్తి, "సరి, నువ్వు విన్నవాటిల్లో అన్నిటికన్నా మోసమైంది ఏది?" అని అడిగింది.

మోసం అంటే మా ఇళ్ళలో, అరవంలో లాగానే, బాగాలేనిది అని అర్థం. పుస్తకాల తెలుగులో దగా అని అర్థం. దాని ప్రశ్నకు ఈ రెండు అర్థాలూ సరిపోయే జవాబు ఒకటి నా దగ్గర ఉంది గాని నోరు రాలేదు. గుర్తులేదమ్మా అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నా ఈడువాళ్ళు, సూది గీతలో పడగానే వచ్చే ఆ చిరచిర శబ్దం వింటే ఇప్పటికీ వెన్ను నిటారు చేసుకుని కూర్చునేవాళ్ళు, మీరయితే ఓపికగా వింటారని ఇక్కడ చెబుతున్నాను.

మేముండింది కోయంబత్తూరులో సింగానల్లూరు వైపు ఒక స్పిన్నింగు మిల్లు వాళ్ళు కార్మికులకు కట్టించిన లైను ఇళ్ళలో. మా పెద్దలు ఏ కాలంలో ఎక్కడినుంచి దిగివచ్చారో చెప్పగలిగినవాళ్ళు మా ఇంట్లో లేరు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే అరవం, బడిలో అరవం, యంత్రాల దగ్గర సగం ఇంగ్లీషు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే లేచి, సంగు ఊదితే తిని, సంగు ఊదితే పడుకునే ఆ నాలుగు వరుసల ఇళ్ళలో తెలుగు మాట్లాడనివాళ్ళు అరుదు, తెలుగు రాయను చదవను వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు, నేను తప్ప. నాకెలా వచ్చిందంటే, మా వెనక వరుసలో క్రైస్తవ తెలుగు కుటుంబాలు పదిహేను దాకా ఉండేవి. వాళ్ళ చిన్న చర్చికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన పాస్టరుగారి భార్య, ఎందుకో నా మీద మనసు పడి, కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. ఆవిడ ఎంత మంచిదో అంత పట్టుదల మనిషి. సేను అనకమ్మా, చేను. సెల్లి కాదు, చెల్లెలు. పత్తి అనవచ్చు గాని ప్రత్తి అంటే ఇంకా శుద్ధం. అక్షరాలు ఒంటబట్టడానికి రెండేళ్ళు పట్టింది గాని, ఎదుటివాళ్ళ మాటను పట్టుకుని దిద్దే గుణం మాత్రం రెండు వారాల్లో ఒంటబట్టింది.

ఎస్సెస్సెల్సీ అయ్యాక నన్ను రీలింగులో, అంటే నూలును చిలపలుగా చుట్టే ఆడవాళ్ళ విభాగంలో, పెట్టారు. మూడేళ్ళు నిలబడి పనిచేశాక, చదువుకున్న పిల్ల అని మిల్లు క్లబ్బులోని లైబ్రరీ అప్పగించారు. ఆ క్లబ్బులో పుస్తకాల బీరువాలు రెండు, క్యారమ్ బోర్డులు నాలుగు, వీటన్నిటికీ పెద్ద దిక్కులా టేకు చెక్కతో చేసిన రేడియోగ్రామ్ ఒకటి ఉండేవి. మిల్లు ముదలాళి, అంటే యజమాని, తన ఇంట్లో కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని, దానితోపాటు మూడు పెట్టెల రికార్డులను కార్మికులకని పంపించారు. ఆ పెట్టెల్లో ఏమున్నదీ పంపినవాళ్ళు చూసుకోలేదనుకుంటాను, ప్రపంచమంతా కలగాపులగంగా ఉండింది. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఒక్కొక్కటే తీసి పెట్టేదాన్ని. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, చాపల మీద యాభై అరవై మంది కూర్చుని వినేవాళ్ళు. నచ్చకపోతే లేచిపోయేవాళ్ళు, నచ్చితే అక్కడే గోడకు చేరగిలబడి కునుకు తీసేవాళ్ళు.

ఒక నాదస్వరం రికార్డు ఉండేది. ముందు పక్క వాయించినంతసేపూ మూసిన గదిలో ఏనుగును కట్టేసినట్టు తల దిమ్మెక్కిపోయేది. నాదస్వరం అన్నది వీధి మలుపు అవతలినుంచి వినవలసినదని, సగం ఇంపు దూరంలోనే ఉందని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే. అట్ట మీద జుట్టు రేపుకుని ఎవరినో కోప్పడుతున్నట్టు చూసే తెల్లదొర బొమ్మ ఉన్న వెస్టర్న్ సంగీతం రికార్డు పెట్టినప్పుడు అందరూ నవ్వారు గాని, నాకది పొద్దున షిఫ్టులో ఒక్కొక్క యంత్రమే కదలి చివరకు షెడ్డంతా ఒకే హోరుగా మారడం లాగా అనిపించి ఒళ్ళు జలదరించింది. నీగ్రో బాకాల జాజు రికార్డును మొదటిసారి విని, ఒకరి మాట ఒకరు వినకుండా నలుగురు పోట్లాడుకుంటున్నారని తీసి పక్కన పెట్టాను. ఏడాది తర్వాత ఒంటరిగా విన్నప్పుడు తెలిసింది, వాళ్ళంతగా ఒకరినొకరు వినేవాళ్ళు ఇంకెక్కడా లేరని. ఒక ఉర్దూ గజళ్ళ రికార్డులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎందుకు ఏడ్చానో నేటికీ తెలియదు. జనానికి మాత్రం సినిమా కథా వసనం, అంటే సంభాషణల, రికార్డులే కావాలి, మాటలు, కేకలు, మధ్య మధ్య ఉరుములు. వాటిని నేను అసహ్యించుకునేదాన్ని, దాచుకోకుండా చెప్పేదాన్ని.

చెప్పడమే కాదు, రాసేదాన్ని కూడా. మిల్లు తరఫున నెలకొక అరవ పత్రిక వచ్చేది. అందులో "కాదిల్ విళుందదు", అంటే చెవిన పడినది, అనే పేరుతో అరపేజీ నాకిచ్చారు. ఆ నెల విన్న రికార్డుల మీద నాకు తోచింది తోచినట్టు రాసేదాన్ని. ఫలానా గాయకుడికి పై స్థాయిలో ఊపిరి చాలదని, ఫలానా ఆవిడ పాట కన్నా నగలు ఎక్కువ వినిపిస్తున్నాయని ఇరవై రెండేళ్ళ పిల్ల రాస్తే, ఆఫీసర్లు కూడా చదివి నవ్వుకునేవారు. నన్ను చూడగానే క్యాంటీనులో జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆ చిన్న పేరు నెత్తికెక్కిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడడం లేదు. అప్పుడు పడవలసింది.

ఒక్క విషయంలో మాత్రం నాకు దెబ్బ తగిలింది. కర్ణాటక సంగీతం పెద్ద రికార్డు ఒకటి పెట్టిన రోజున మా అరవ మాస్టారు ఒకాయన వచ్చి కూర్చున్నారు. కీర్తన అయ్యాక అందరి ముందూ నావైపు తిరిగి, మీ భాషే కదమ్మా, అర్థం చెప్పు అన్నారు. నాకు సగం తెలియలేదు. మిగతావాళ్ళకు ఒక్క ముక్క తెలియలేదు. ఇంట్లో పుట్టింది మొదలు తెలుగే మాట్లాడుతున్న యాభై మందిమి, మా భాషలోనే ఉన్న పాట ముందు దొంగల్లా తలవంచుకుని కూర్చున్నాము. మా తెలుగు తెలుగే కాదన్న నమ్మకం ఆ మధ్యాహ్నం నాలో మేకులా దిగింది.

ఇక మా అన్న. నాకన్నా ఆరేళ్ళు పెద్ద, స్పిన్నింగులో పని. మనిషి మాట తక్కువ, గొంతు మాత్రం బావిలోకి దింపిన బిందెలా చల్లగా, నిండుగా ఉండేది. కారమడై రథోత్సవానికి వెళ్ళినప్పుడు దారిపొడుగునా నడిచేవాళ్ళు ఆయన చుట్టూ చేరి నడిచేవారు. ఆయన పాడేవి మా అవ్వ పాటలు. మా నాయన తల్లి తేని వైపు పల్లెలో పుట్టి, పత్తి చేలల్లో పెరిగి, పెళ్ళయి కోయంబత్తూరు వచ్చిన మనిషి. పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్ళు వరుసగా నడుస్తూ పాడే పాటలు ఆవిడకు లెక్కలేనన్ని వచ్చు. చేలు పోయి మిల్లు వచ్చినా, దూదిపింజెను చూసిన ప్రతిసారీ ఆవిడ నోట ఒక పాట పలికేది. నాకు అవి మోటుగా తోచేవి. మా అన్న ఒక్కొక్కటే నేర్చుకుని దాచుకున్నాడు.

మిల్లు వార్షికోత్సవంలో అన్న వాటిల్లో రెండు పాడాడు. ఆ రోజు మద్రాసు నుంచి ఒక రికార్డు కంపెనీ ఆయన ముదలాళిగారి చుట్టంగా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పాట అవగానే వేదిక వెనక్కు వచ్చి మా అన్న చేయి పట్టుకున్నాడు. ఆయన అరవాయన, మాటలు తెలియవు, అయినా ఇలాంటివి నాలుగు పాటలు ఒక చిన్న రికార్డుగా వేస్తాను, ఆంధ్రాలో కూడా అమ్ముదాము, మాటలు రాసుకుని రెండు నెలల్లో రమ్మని చెప్పి వెళ్ళాడు.

మా అన్న ఆ వారమంతా నిలకడగా కూర్చోలేదు. ఆయనకు అప్పటికే పొద్దున లేవగానే దగ్గు మొదలైంది. స్పిన్నింగులో పత్తి దుమ్ము పీలుస్తూ పదేళ్ళు చేసిన ఎవరి గొంతూ మునుపటిలా ఉండదని ఆయనకు తెలుసు, మా నాయన గొంతు ఏమయిందో చూశాడు. "పాపా, ఈ దూసిలో ఇంకా ఎన్నాళ్ళు నిలుస్తాది ఈ గొంతు? ఉండేటప్పుడే ఒక తూరి యాడన్నా ఎక్కించి పెట్టాల" అన్నాడు నాతో. ఇంట్లో చిన్న ఆడపిల్లను పాపా అనడం మా వాడుక. నలభై ఏళ్ళు వచ్చినా ఆయనకు నేను పాపనే.

తెలుగు అక్షరాలు రావు కనుక, పాటలన్నీ ఒక నోటుపుస్తకంలో అరవ లిపిలో రాసుకున్నాడు. అరవంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం, త, ద రెంటికీ ఒకటే. తేడా తెలియడానికి తన సొంత తెలివితో అక్షరాల కింద చుక్కలు పెట్టుకున్నాడు. ఎన్ని సాయంత్రాలు అవ్వ పక్కన కూర్చుని అడిగి అడిగి రాశాడో! ఆ పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టి, తప్పుంటే చూడు పాపా అన్నాడు. తప్పుంటే చూడమనడమే నా చేతికి కత్తి ఇవ్వడమయింది.

మొదటి పాట ఇలా మొదలయ్యేది: సేన్లో పత్తి పూసె సెల్లీ, సీర కొంగు పట్టె సెల్లీ. నేను దాన్ని ఇలా మార్చాను: చేనిలో ప్రత్తి విరిసినది చెల్లెలా, చీర చెంగును పట్టుము చెల్లెలా. నాలుగు పాటలూ అలాగే దిద్దాను. మాట మాటకూ నిఘంటువు చూసి, అరవం వాసన వచ్చిన ప్రతి పదాన్నీ పెరికి, పాస్టరమ్మగారు చదివినా వంక పెట్టలేనంత శుభ్రంగా తెలుగు అక్షరాల్లో కొత్త పుస్తకంలో ఎత్తి రాసి, అన్నకు వరసగా చదివి వినిపించాను.

"అవ్వ ఇట్ల పాడలేదే, పాపా."

"అవ్వకు చదువు రాదు కదన్నా."

"నోరు తిరగలే. ఈ ప్రత్తి అనేకాడ తాళం కాలికి అడ్డం పడతా ఉండాది."

"పాడగా పాడగా తిరుగుతుంది. నువ్వు పాడేది మన లైనులో కాదు, ఆంధ్రావాళ్ళు వింటారు. వాళ్ళు నవ్వితే నీకేమి, నాకు తల కొట్టేసినట్టుంటుంది."

ఆయన నా మాట కాదనలేదు. నేను చదువుకున్నదాన్ని, పత్రికలో రాసేదాన్ని. తడికె అవతల మంచం మీద కూర్చున్న అవ్వ, అప్పటికి చూపు మందగించిపోయింది, ఆయన సాధన చేస్తుంటే వారం రోజులు విని విని వదినను పిలిచి అడిగింది, "ఎవురు పాట్టే ఇది? రేడియోలోదా?" అని. వదిన నావైపు చూసింది. నేను నవ్వేశాను.

మద్రాసుకు అన్నతో నేనూ వెళ్ళాను, మాటలు తప్పిపోతే అందివ్వడానికి. గోడలకు పరుపులు కొట్టినట్టున్న ఆ గదిలో, అద్దం అవతల కంపెనీ ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. అన్న ఒత్తు దగ్గరికి వచ్చినప్పుడల్లా గొంతు సన్నగా ఆగేది, వాన నీళ్ళకు రాయి అడ్డం వచ్చినట్టు. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ పాడించారు. డోలు వాయించే ఆయన చేతులు దులుపుకున్నాడు. ఒకసారి కంపెనీ ఆయన బయటికి వచ్చి, "అన్నైక్కి కేట్టదు ఇదు ఇల్లయే" అన్నాడు, ఆ రోజు నేను విన్నది ఇది కాదే అని. మా అన్న నా ముఖం చూశాడు. ఆ చూపులో అడగడం ఉంది. ఊ అను పాపా, పాతవే పాడేస్తాను అన్నట్టుంది. నేను కంపెనీ ఆయనతో అరవంలో చెప్పాను, ఆ రోజు పాడినవి చదువురానివాళ్ళ మాటలండీ, ఇప్పుడు సరిచేశాము అని. భాష తెలియని మనిషి ఇంకేమంటాడు? సరే కానివ్వండి అన్నాడు.

రికార్డు వచ్చింది. పది కాపీలు పార్సిలులో పంపారు. అట్ట మీద మా అన్న ఫోటో, దూది బుట్ట పక్కన కూర్చున్నట్టు. ఆయన ఆ అట్టను చొక్కా కొసతో తుడిచి తుడిచి చూసుకున్నాడు. ఆ ఆదివారం క్లబ్బులో చాపలు చాలక జనం వరండాలో నిలబడ్డారు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చి రేడియోగ్రామ్ పక్కనే దింపారు. సూది పెట్టింది నేనే. ఒక పక్క అయింది, తిప్పి రెండో పక్క పెట్టాను. అదీ అయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదని కాదు, పాట అయిపోయిందని తెలియనట్టు కూర్చున్నారు. నాతో రీలింగులో పనిచేసిన ఒకావిడ, మంచి మనిషి, మర్యాదకోసమే అడిగింది, "పాట్టు బాగుండాదమ్మా. ఏ ఊరు పాట్టు ఇది?"

అవ్వ చేయి చాపి అన్న భుజం తడుముకుని, "ఇంకా ఎంత సేపుకు వస్తాది నాయనా, నీ పాట్టు?" అంది.

అయిపోయిందవ్వా అని ఆయన చెప్పలేదు. ఇప్పుడు వస్తుంది అనీ చెప్పలేదు. కుర్చీ పట్టుకోండి, ఇంటికి పోదాము అన్నాడు.

నేను అక్కడితో ఆగి ఉంటే, మీకిది చెప్పుకోవలసిన కథ అయ్యేది కాదు. తెలియక చేసిన తప్పు తప్పే అయినా మనిషి దానితో బతకగలడు. ఆ నెల పత్రికకు నా అరపేజీ రాయవలసి వచ్చింది. అన్న రికార్డు సంగతి ఏం రాస్తుందోనని అందరూ ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. పొగిడితే అన్న కాబట్టి పొగిడిందంటారు. రాయకపోతే తప్పించుకుందంటారు. పాట చెడింది నా దిద్దుబాటు వల్లనే అన్న సంగతి ఆ ఆదివారమే నా చెవికి తెలిసిపోయింది, తలకు మాత్రం నేను తెలియనివ్వలేదు. రాశాను. గొంతు మంచిదే గాని గాయకుడికి భాష మీద పట్టు లేదని, ఒత్తుల దగ్గర తడబడుతున్నాడని, రికార్డు అనేది నిలిచిపోయే వస్తువు కనుక సాధన లేకుండా అటువైపు పోకపోవడం మంచిదని రాశాను. నా నిష్పాక్షికతకు నేనే మురిసిపోయాను కూడా. వెల్ఫేర్ ఆఫీసరు పిలిచి మెచ్చుకున్నాడు.

మా అన్న దాన్ని క్యాంటీనులో చదివాడు. ఎవరో బల్ల మీద తెరిచి పెట్టారట. ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గడపలో కూర్చుని, నేను కాఫీ ఇస్తే అందుకోకుండా అడిగాడు.

"ఆ మాట నాతో చెప్పేకి నీకు వాయి రాలేదా, పాపా?"

నాకు నోరు రాలేదు. అప్పుడు కూడా రాలేదు. ఆయన కాఫీ తీసుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి పెట్టాడు. కోపమే ఉంటే కాఫీ విసిరికొట్టేవాడు, నాకు బాగుండేది.

అంతే. ఆ తర్వాత మా అన్న పాడలేదు. రథోత్సవానికి వెళ్ళాడు, నడిచాడు, చుట్టూ చేరినవాళ్ళు అడిగితే గొంతు బాగాలేదన్నాడు. మూడు నెలలకు కంపెనీ ఆయన దగ్గరనుంచి ఒక కార్డు వచ్చింది. విజయవాడ దుకాణాలవాళ్ళు పుస్తకం చదివి వినిపిస్తున్నట్టుందన్నారట. మీ ఊళ్ళో మామూలుగా పాడుకునేవి లేవా అని అడిగారట. అన్న ఆ కార్డును వదినకు చదివి వినిపించాడు. నేను ఇంట్లోనే ఉన్నాను.

మరుసటి ఏడు అవ్వ పోయింది. శవం దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు, ఆయమ్మ పాట ఒకటి పాడు నాయనా, వింటా పోతుంది అని అన్నను బతిమాలారు. ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆ నెలనుంచే పత్రికకు రాయడం మానేశాను. కారణం అడిగితే తీరిక లేదన్నాను. నేను మారిపోయానని మీరనుకోకండి, మారలేదు. క్షమించు అన్నా అనే రెండు ముక్కలు ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి చెప్పలేకపోయాను. పెళ్ళి చేసుకోని నన్ను ఆయన తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఒంట్లో బాగాలేకపోతే ఆస్పత్రికి తీసుకుపోయాడు. కినత్తుకడవు సంతనుంచి నాకని లేత కొబ్బరిబోండాలు తెచ్చేవాడు. ఆ మంచితనమంతా నాకు శిక్షలాగానే ఉండేది. ఆయన శిక్షించాలని చేయలేదని తెలిసి కూడా.

అన్న పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. అరవ అక్షరాల కింద చుక్కలు పెట్టి రాసుకున్న ఆ నోటుపుస్తకాన్ని, శుభ్రంగా ఎత్తి రాశాను కదా, ఇంకెందుకని పాత కాగితాల్లో వేసేశాను. మద్రాసు ప్రయాణానికి ముందే. ఆయన తర్వాత ఒక్కసారి అడిగాడు, ఆ నోటు ఎక్కడ పెట్టినావు అని. పారేశానన్నాను. ఓ అన్నాడు.

తరువాత మిల్లు మూతపడింది. సంగు ఆగిపోయింది. నాలుగు వరుసల ఇళ్ళవాళ్ళూ తలా ఒక దిక్కుకు పోయారు. కొందరు తిరుప్పూరు బనియను కంపెనీలకు, కొందరు వాచ్‌మన్ పనులకు. మిగతావాళ్ళు ఏదో ఒక విధంగా కుదుటపడ్డారు గాని మా అన్న మాత్రం మిల్లు మూసిన రోజునుంచి ఏదో అవయవం కోసేసినట్టు అయిపోయాడు. వేరే పని దొరికింది, ఇల్లు గడిచింది, అయినా రోజూ పొద్దున ఆ మూసిన గేటు దాకా నడిచివెళ్ళి తిరిగి వచ్చేవాడు. అంత దగ్గు ఇచ్చిన షెడ్డు మీద ఇంత మమకారమేమిటని నేను లోలోపల విసుక్కునేదాన్ని.

ఆయన పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు, వదినా నేనూ చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్నప్పుడు, ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

"మీ అన్న పాట మానేసినాడని అందరూ అంటారు. మానేయలే. మిల్లులో, మెషిన్లు ఓడేటప్పుడు, అవి తిరిగే ఆ సందట్లో పాడతా ఉండినారు. షిఫ్టంతా. పక్కన నిలబడినోళ్ళకు పెదవులు ఆడేది మాత్రం కనపడతా ఉండిందంట. అవ్వ పాటలే. అవ్వ పాడినట్టే."

నీకెవరు చెప్పారు వదినా అన్నాను.

"ఆయనే చెప్పినారు. ఆడ అయితే ఎవురికీ వినపడదు, ఎవురూ తప్పు పట్టరు అని."

చిక్కుడుకాయలు నా ఒళ్ళో అలాగే ఉండిపోయాయి. మిల్లు మూతపడ్డప్పుడు ఆయన పోగొట్టుకున్నది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. వెయ్యి కదుళ్ళు ఒక్కసారి తిరిగే ఆ హోరులో తప్ప ఈ లోకంలో ఆయన గొంతుకు నేను చోటు మిగల్చలేదు. ఆ హోరు కూడా పోయాక గేటు దాకా నడిచి వచ్చేవాడు.

ఇప్పుడు కాలం మారింది. మా అన్న మనవరాలి తరంవాళ్ళు తెలుగు, అరవం, ఇంగ్లీషు మూడూ ఒకే వాక్యంలో కలిపి పాడి ఫోనులో పెడుతున్నారు, ఎవరూ సిగ్గుపడడం లేదు. వాళ్ళకు వచ్చిన భాషే భాష. అలా ఉండవచ్చునని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినేదాన్నో కాదో. వినేవాళ్ళు కూడా మారిపోయారు. యాభై మంది ఒక చాప మీద కూర్చుని ఒకే పాట వినడం ఇక జరగదు. చెవికొక పాట. నచ్చింది, నచ్చలేదు అని బొటనవేలితో నొక్కి పోతున్నారు, ఒకరి అభిప్రాయం ఇంకొకరి గొంతును మూసేయగలిగినంత బరువుగా ఎవరిదీ లేదు. అది మంచికే అనుకుంటాను.

ఈ మధ్య సాయంత్రాలు డాబా మీద ఒంటరిగా కూర్చుని అవ్వ పాటలు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. మొదటి పాటలో మొదటి రెండు వరసలు వస్తాయి. ఆ తరువాత ఇంకా పదకొండు చరణాలున్నాయి, మూడు పాటలున్నాయి. ఎంత తడుముకున్నా నోటికి వచ్చేది నేను రాసినదే, ఒక్క తప్పు లేకుండా.